కల్లం పొక్కు

మంగళగిరి,
ఫిబ్రవరి 1986.

జోసఫ్ బావకు,

వందనాలు తర్వాత చెబుతాను. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. నా కూతురి చెయ్యి నువ్వు పట్టుకుని చూశావా? వెలుతురులో నిలబెట్టి, గాజులు పైకి తోసి, ఆ మచ్చ పొడిగా ఉందో తడిగా ఉందో, అందులో వెంట్రుక తెల్లబడిందో లేదో చూశావా? చూడలేదు. మందిరం గుమ్మంలోంచే వేలు చూపించి "నువ్వు వరండాలో కూర్చో అమ్మా" అన్నావట. బావమరిది కూతురని కూడా చూడలేదు, కాబోయే కోడలని కూడా చూడలేదు.

నీ కొడుకు సంజీవరావుకూ నా దేవకుమారికీ పెళ్ళని మీ సంఘంలో ప్రకటన వేయించింది నువ్వే. వరసగా మూడు ఆదివారాలు చదవాలి. రెండుసార్లు చదివావు. మూడో ఆదివారానికి రమ్మని మా అక్క కబురు పెడితే పిల్ల వచ్చింది. వచ్చింది ఊరికే కూర్చోకుండా అత్తకు సాయంగా కల్లంలో మిరపకాయలు తిరగేసింది. చేతులు పైకి మడిచింది. మోచేతుల మీద ఎర్రమచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసు ఎవరో చూశారు. అంతే. తెల్లారేసరికి నా బిడ్డ కుష్టురోగి అయిపోయింది. ప్రభువు బల్లకు దూరమైంది. ప్రకటన నీ జేబులోనే ఉండిపోయింది.

బావా, నేను బడిలో చదివినవాణ్ణి కాదు. సైకిళ్ళకు పంక్చర్లు వేస్తూ, మధ్యలో గ్రంథం తెరిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. కానీ కుష్టు మచ్చల సంగతి చెప్పే లేవీయకాండం పదమూడో అధ్యాయం నీకంటే నిదానంగా చదివాను. యాజకుడు ముందు చూడాలి. చూసి తేలకపోతే వారం ఆగి మళ్ళీ చూడాలి. అది ముదరకపోతే వట్టి పొక్కే అని చెప్పి ఆ మనిషిని పవిత్రుడనాలి. పవిత్రుడని చెప్పే వచనాలు ఆ అధ్యాయంలో ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా చూశావా? నువ్వు సగం చదివి గ్రంథం మూసేశావు.

పాస్టరుగారు నెలకోసారి వచ్చి పోయే మనిషి. మీ సంఘంలో ఎవరు లోపల, ఎవరు బయట అన్నది నీ నోటి మాట. ఆ నోటితోనే వచ్చే ఆదివారం మూడో ప్రకటన చదువు.

ఇమ్మానియేలు.

*

కొండపాలెం, చీమకుర్తి మీదుగా,
ఫిబ్రవరి 1986.

ఇమ్మానియేలుకు బావ జోసఫ్ వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఆ కోపం మీ పేటల్లో నువ్వు చేసే వీధి ప్రసంగాలకు దాచుకో. నా మీద పనిచేయదు.

ఒరేయ్, ఆ రోజు ఇక్కడ ఏం జరిగిందో నీకెవరైనా చెప్పారా? ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం పుచ్చుకోవడానికి మాకున్నది ఒక్కటే గిన్నె. అందరి నోళ్ళకూ అదే. అంకయ్య భార్య ఆదెమ్మ వరసలోంచి లేచి, "ఆ పిల్ల తాగిన గిన్నె నా నోటికి పెడతారా? రేపు నా పిల్లల్ని ఎవడు సాకుతాడు? పెద్దగారు సాకుతారా?" అని అరిచింది. ఆమె వెనక మరో నలుగురు లేచారు. తెల్లదోమ పడి పత్తి పోయి జనం ఇప్పటికే బెదిరి ఉన్నారు. ఏ చేను ఎవరి పాపానికి పోయిందా అని లెక్కలు కడుతున్నారు. గిన్నె ఆగిపోతే సంఘం ఆగిపోతుంది. నేను ఒక్క పిల్లను వరండాలో కూర్చోబెట్టి మందను కాపాడాను. ఉజ్జియా అంతటి రాజుకే చర్మం మీద మచ్చ లేస్తే మందిరం గడప తొక్కనివ్వలేదు. నీ కూతురు రాజుకంటే ఎక్కువా?

చూడలేదంటున్నావు. నేను చూడాల్సింది చిన్నప్పుడే చూశాను. మా చిన్నాన్నకు ఆ రోగం వస్తే ఊరవతల పాక వేసి పెట్టారు. ఆయనకు గంజి తీసుకెళ్ళేవాణ్ణి నేనే. ముంత గట్టు మీద పెట్టి, కేకేసి, వెనక్కి పరిగెత్తేవాణ్ణి. ఆయన వేళ్ళు లేని చేత్తో ముంత దగ్గరికి లాక్కోవడం చెట్టు చాటునుంచి చూశాను. ఆ చెయ్యి మళ్ళీ నా ఇంట్లో చూడలేను. అది నీకు వాక్యం కాకపోవచ్చు. నాకు వాక్యం కంటే ముందు వచ్చింది అదే.

పిల్లను కుష్టు ఆసుపత్రిలో చూపించు. తేలేదాకా పెళ్ళిమాట ఎత్తకు.

జోసఫ్.

*

మంగళగిరి,
మార్చి 1986.

బావకు,

తేలింది. కూర్చుని చదువు.

గుంటూరు పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు త్యాగరాజుగారికి చూపించాను. ఆయన నామం పెట్టుకునే మనిషి, మన గ్రంథం ముట్టినవాడు కాదు. అయినా నువ్వు చేయని పని చేశాడు. దేవకుమారి మోచెయ్యి వట్టి చేత్తో పట్టుకుని, పొలుసు గోటితో గీకి చూశాడు. కళ్ళు మూసుకోమని సూది మొన తాకించి, దూదితో రాసి, "ఏది సూది, ఏది దూది?" అని అడిగాడు. ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. "కుష్టు కాదయ్యా. అదైతే మచ్చలో స్పర్శ ఉండేది కాదు. దీన్ని సోరియాసిస్ అంటారు. అంటుకోదు. మీ అమ్మాయి తాగిన గ్లాసులో నేనూ తాగుతాను" అన్నాడు. కాంపౌండరు చేత మంచినీళ్ళు తెప్పించి తాగాడు కూడా. మా బావ సంఘపెద్ద, ఆయనా ఇలాగే తాగుతాడయ్యా అని చెప్పుకోవాలనిపించింది. అనలేకపోయాను.

తర్వాత, "మీ కుటుంబంలో ఎవరికైనా ఉందా?" అన్నాడు. "లేదు, మా వంశంలో ఎవరికీ చర్మరోగం లేదు" అని గట్టిగా చెప్పాను. పక్కనుంచి దేవకుమారి, "నాన్నా, మామ్మ మోచేతులో?" అంది.

బావా, మా అమ్మ మోచేతులు నీకు గుర్తున్నాయా? గరుకుగా, తెల్లగా, రుద్దితే పొట్టు రాలుతూ ఉండేవి. మేమంతా దాన్ని కల్లం పొక్కు అనేవాళ్ళం. మిరపకాయలు ఎండబెట్టే కల్లంలో పుట్టి పెరిగింది కదా, కారం తిన్న చర్మం అలాగే ఉంటుందిలే అనుకున్నాం. ఆమే అలా అనుకుంది, అలాగే పోయింది. ఆ మాట చెబితే డాక్టరు నవ్వాడు. "కారం తగిలితే తగిలిన చోట మండుతుంది. రెండు మోచేతుల మీదా ఒకే తీరున, కొలిచి పెట్టినట్టు ఎందుకొస్తుంది? వానాకాలంలో మీ కల్లంలో ఏముంటుంది? అప్పుడు తగ్గేదా?" అన్నాడు. తగ్గేది కాదు. చలికాలంలో అయితే ఇంకా ముదిరేది. కారం వల్లే అయితే ఊళ్ళో సగంమంది చేతులు అలాగే ఉండాలి కదా అని మేము ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆయన చెప్పిందేమిటంటే, ఈ రోగం ఆస్తిలా తండ్రి నుంచి బిడ్డకు రాసిచ్చేది కాదు. రోగానికి లొంగే గుణం మాత్రం రక్తంలో దిగుతుంది. తెల్లకణాల మీద ఒక గుర్తు ఉంటుందనీ, అది ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుందనీ పైదేశాల్లో కనిపెట్టారట. గుర్తున్న వాళ్ళందరికీ రాదు. కొందరు జీవితమంతా దాన్ని మోసి, ఒక్క మచ్చ లేకుండా పోతారు. విత్తనం మట్టిలో ఉన్నా అదను కుదిరితేనే మొలుస్తుంది కదా. గొంతు జబ్బు చేసినా, దెబ్బ తగిలినా, మనసు నలిగినా పైకొస్తుందట. దేవకుమారికి మొన్న క్రిస్మసు పాటలకు ఇల్లిల్లూ తిరిగి గొంతు వాచి జ్వరం వచ్చింది. ఆ తర్వాతే ఈ మచ్చలు. దేవుణ్ణి పాడినందుకు వచ్చిన మచ్చలు చూసి నువ్వు దేవుడి మందిరంలోంచి గెంటావు!

తారు కలిపిన మందు ఇచ్చాడు. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది అన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీ ఇందులో పెట్టాను. మందిరంలో చదువు. ఆ తర్వాత ప్రకటన చదువు.

ఇమ్మానియేలు.

*

కొండపాలెం,
మార్చి 1986.

ఇమ్మానియేలుకు,

కుష్టు కాదని తెలిసి దేవునికి స్తోత్రం చేశాను. అబద్ధమాడను. నీ చీటీ ఆదెమ్మకు చూపిస్తే, "కాగితం గిన్నె కడుగుతుందా?" అంది. అది ఆమె తెలివి. నా సంగతి వేరు.

నీ ఉత్తరంలోనే నువ్వు రాసుకున్నావు, రక్తంలో దిగుతుందని. అంటే ఏమిటి? ప్రవక్త దగ్గర పనివాడు గేహజీకి పట్టిన కుష్టు అతని సంతతికి కూడా పట్టింది. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుందని సీనాయి కొండ మీద చెప్పింది ఎవరు? మీ అమ్మ దాచింది. మీరు దానికి కల్లం పేరు పెట్టి దాచారు. ఇప్పుడు నా కొడుకు కడుపున పుట్టేవాళ్ళకు అంటగడదామని చూస్తున్నారా? అంటుకునే రోగమైతే మందుతో పోయేది. ఇది పోయేది కాదని నువ్వే చెప్పావు.

మా వంశంలో ఇలాంటిది లేదు. మీ రక్తం మా ఇంటికి వద్దు. ప్రకటన కాగితం చింపేశాను.

జోసఫ్.

*

మంగళగిరి,
మార్చి 1986.

కొండపాలెం సంఘపెద్ద జోసఫ్ గారికి,

ఇక మీరు నాకు బావ కారు. మీరు అనే రాస్తున్నాను.

మా రక్తం మీ ఇంటికి వద్దా? సంజీవరావు పుట్టకముందు నుంచీ మా రక్తమే మీ ఇంట్లో అన్నం వండుతోంది. మీ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తోంది. మా అక్క ఎలీసమ్మ ఎవరి కూతురనుకున్నారు? మీ కొడుకులో సగం ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు?

మీ ఆవిడను ఒకసారి ముసుగు తీయమనండి. మందిరంలోనే కాదు, పొయ్యి దగ్గర కూడా తలమీద కొంగు ఎందుకు తీయదో అడగండి. చెవుల వెనక, మెడ మీద జుట్టు మొదలయ్యే చోట చూడండి. పొలుసు కనిపిస్తుంది. చుండ్రు అని మీకు చెప్పి ఉంటుంది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నువ్వులనూనె రాయడం నేను చూశాను. ఇన్నేళ్ళూ అదే గిన్నెలో ఆమె తాగాక మీరు తాగారు. మీ వేళ్ళు రాలాయా?

గేహజీ ఆశపడి వెండి పుచ్చుకున్నాడు. నా కూతురు ఏం పుచ్చుకుంది? పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని ప్రభువు చెప్పాడు. ఆ మాట చదివినప్పుడు మీరు ఎక్కడ కునికారు? తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు ప్రవక్త గొంతు చించుకున్నది ఎవరికోసం? ఇది దోషమే కాదు. అయినా మీలాంటివాళ్ళు దోషం అంటారని తెలిసే రాయించి పెట్టాడు దేవుడు.

ఇమ్మానియేలు.

*

కొండపాలెం,
మార్చి 1986.

ఇమ్మానియేలు,

చూశాను. నువ్వు చెప్పింది నిజమే.

ఆదెమ్మకు, మిగతావాళ్ళకు ఎలాగో తెలిసిపోయింది. ఒక పిల్లను బయట కూర్చోబెట్టినవాణ్ణి, నా భార్యను లోపల కూర్చోబెడితే నన్ను మనిషంటారా? ఆమె కూడా ఇప్పుడు వరండాలోనే కూర్చుంటోంది.

పునరుత్థాన పండుగకు పాస్టరుగారు వస్తున్నారు. ఆ రోజు ప్రభువు బల్ల సంస్కారం ఉంది. ఆ లోపు నీ అక్కను నీ ఇంటికి తీసుకుపో. మందు వేయించు. తగ్గాక చూద్దాం.

జోసఫ్.

*

కొండపాలెం,
మార్చి 1986.

తమ్ముడు ఇమ్మానియేలుకు అక్క ఎలీసమ్మ వ్రాయునది.

ఎంత గొప్ప ఉత్తరం రాశావురా తమ్ముడూ! దాన్ని ఆయన చావడిలో కూర్చుని గట్టిగా చదివాడు, నీ మీద కోపంతో. ముసుగు సంగతి చదివాక గానీ ఆపలేదు. అప్పటికే వినాల్సినవాళ్ళంతా విన్నారు. ఇంటికొచ్చి నా కొంగు లాగి, దీపం తెచ్చి, జుట్టు పాయలు తీసి చూశాడు. పశువుకు పురుగు పట్టిందేమోనని చూస్తారే, అలా చూశాడు. నేను ఇన్నేళ్ళు దాచుకున్న తల అది. నువ్వు చెప్పక ఆయనకు తెలియదు.

ఆయన కూతురు లాంటి పిల్లను వరండాలో కూర్చోబెట్టాడు. నువ్వు తోడబుట్టినదాన్ని కూర్చోబెట్టావు. ఇద్దరి చేతుల్లోనూ గ్రంథమే. నేనూ దేవకుమారీ మీ ఇద్దరికీ వచనాల్లా దొరికాం, తలా ఒకటి పట్టుకుని కొట్టుకుంటున్నారు.

ఇంకోటి. డాక్టరు చెప్పిందంతా రాసినట్టు మమ్మల్ని నమ్మించావు. దేవకుమారి నాకు వేరే రాసింది. "పెళ్ళికొడుకు ఎవరు?" అని ఆయన అడిగితే మేనత్త కొడుకని నువ్వు చెప్పావట. "ఇద్దరిలోనూ మీ అమ్మ రక్తమే ఉంది. పుట్టే పిల్లలకు రెండు వైపులనుంచీ ఈ గుణం దిగవచ్చు. తప్పకుండా వస్తుందని కాదు, రాదని కూడా కాదు. వాళ్ళిద్దరూ తెలుసుకుని, ఆలోచించుకుని చేసుకోవాలి" అన్నాడట. ఆ ముక్క నీ ఉత్తరంలో ఎక్కడుంది? మీ బావ సగం అధ్యాయం చదివాడన్నావు. నువ్వు సగం డాక్టర్ని వినిపించావు.

సంజీవుడు మొన్న క్వారీ నుంచి వచ్చాడు. పాంటు మడిచి కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. కాలి మీద గ్రానైటు పలక గీసుకున్న చోట, ఆ గీత పొడుగునా, అదే పొలుసు. నన్ను చూసి పాంటు దించేశాడు. "ఎన్నాళ్ళ నుంచిరా?" అంటే "నాన్నకు చెప్పకమ్మా" అన్నాడు. ఇది ఆయనకు తెలియదు. నీకు చెబుతున్నాను. దీన్ని కూడా రాయిలా విసిరావంటే నేను నీ అక్కను కాను. వాడు చెప్పుకుంటే వాడే చెప్పుకుంటాడు.

నన్ను తీసుకుపోవడానికి రావద్దు. ఇది నా ఇల్లు. ఆ మందిరానికి పునాది తవ్వినప్పుడు మట్టి తట్టలు మోసినదాన్ని. వరండా నుంచి గిన్నె కనిపిస్తుంది, పాట వినిపిస్తుంది, నోటికి మాత్రం అందదు. నాకు వచనాలు పంపకు. చాలా ఉన్నాయి ఇక్కడ. పక్కన కూర్చునే మనిషి లేదు.

ఎలీసమ్మ.

*

మంగళగిరి,
మార్చి 1986, పండుగ ముందు శుక్రవారం.

బావా,

అక్కను తీసుకుపొమ్మన్నావు. తీసుకుపోను. దేవకుమారీ నేనూ రేపు బయల్దేరి వస్తున్నాం. ఆదివారం పొద్దున అక్కకు అటుపక్క ఆ పిల్ల, ఇటుపక్క నేను, మీ వరండాలో కూర్చుంటాం. ఈ ఉత్తరం మాకంటే ముందే నీకు అందాలని, ఇవాళ తెల్లవారుజామునే చీమకుర్తి రాళ్ళ లారీ తోలుకుపోతున్న డ్రైవరు నన్నే సాహెబ్ చేతికి ఇచ్చి, మధ్యాహ్నానికి మందిరంలోనే నీకు అందించమన్నాను. మేము వచ్చాక అక్కను లోపలికి పిలిస్తే అది మా కోసం చేసినట్టవుతుంది.

పెళ్ళి కోసం రావడం లేదు. ఆ సంగతి నీదీ కాదు, నాదీ కాదు. డాక్టరు చెప్పిందీ, నేను మింగేసిందీ కలిపి సంజీవరావుకు రాశాను. వాళ్ళిద్దరూ పెద్దవాళ్ళు. చేసుకుంటారో మానుకుంటారో తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. ఏదైనా సరే నేను నోరు మూసుకుంటాను. నువ్వూ మూసుకో. నీ కొడుకు కూడా పండుగకు వస్తున్నాడు. వరండాలో కూర్చుంటానని నాకు రాశాడు. ఎందుకో నేను చెప్పను. అతన్నే అడుగు.

నా కోపం చల్లారిందనుకోకు. చల్లారలేదు. అక్క తల గురించి చావడిలో మాట్లాడుకుంటున్నారంటే నా చేతి రాతను తలుచుకుని నా మీద నాకే మండుతోంది. నీ మీద అంతకంటే ఎక్కువ మండుతోంది. నేను ఉత్తరంలో రాశాను. నువ్వు నలుగురిలో చదివి, ఆమెను నడిపించుకెళ్ళి బయట కూర్చోబెట్టావు. పాస్టరుగారు వచ్చేసరికి ఆమె ఊళ్ళోనే లేకపోతే నీకు ఎవరికీ జవాబు చెప్పే పని ఉండదు. అందుకే కదా తీసుకుపొమ్మన్నావు?

తనకు వచనాలు పంపవద్దంది అక్క. ఆమెకు పంపడం లేదు. నీకు ఒక్కటే పంపుతున్నాను. ఇదే ఆఖరు. మోషే అక్క మిర్యాముకు ఒళ్ళంతా మంచులా తెల్లబడింది. అది నిజంగా కుష్టే, డాక్టరు చీటీ కూడా లేదు. పాళెం బయట పెట్టారు. నీలాంటివాళ్ళు చదివి అక్కడితో ఆగిపోతారు. తర్వాత ఏముంది? ఆమెను మళ్ళీ లోపలికి చేర్చుకునేదాకా జనమంతా కదల్లేదు. అంత పెద్ద జనం, ఎడారిలో, నీళ్ళు లేని చోట, గుడారాలు పీకకుండా ఒక్క ఆడమనిషి కోసం ఆగారు. మీ సంఘం ఒక్క పాట సేపు ఆగలేదా? మా అక్క లోపలికి రాకుండా ఎత్తే ఆ గిన్నె ఎవరిదనుకుంటున్నావు? నీదా? ఆదెమ్మదా?

ఆదెమ్మ లేస్తుంది. లేవనీ. ఆమె పిల్లల కోసం భయపడింది. మీ చిన్నాన్నను చూసి నువ్వు భయపడ్డట్టే. ఆమెతో పోట్లాడకు. అక్క తాగాక ఆ గిన్నెలో అందరికంటే ముందు నువ్వు తాగు. ఆమె చూస్తుండగా తాగు. ఏ ప్రసంగమూ వద్దు.

ఆదివారం దాకా ఆగకు. పండుగ రోజు జనం ముందు చేస్తే అది నీ పెద్దరికం అవుతుంది. ఇవాళ శుభ శుక్రవారం. మధ్యాహ్నం ఆరాధనకు జనం వచ్చే ఉంటారు, అక్క ఆ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. నువ్వు లోపల ముందు వరసలో ఉన్నావు. మధ్యలో ఉన్నది ఒక్క గడప. లే బావా. ఈ కాగితం మడిచే పని కూడా పెట్టుకోకు. పాట మధ్యలో ఉంటే మధ్యలోనే లే. గడప దాటు, వంగు, ఆ చెయ్యి పట్టుకో, లోపలికి తీసుకురా. రేపు కాదు. ఈ పూటే.

ఇమ్మానియేలు.